తిరుగు బస్సులో మామిడిపళ్ళ బుట్ట

ఉత్తరం: అక్కయ్యగారికి నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. వయసు 44. జాకెట్లు నేను కుడతాను. ఫాల్సు, పీకో పని పక్క మిషను మీద ఇంకొకావిడ చేస్తుంది. ఆవిడ ముస్లిం, నాకంటే రెండేళ్ళు పెద్ద, పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. పదిహేనేళ్ళుగా ఒకే గదిలో కూర్చుంటున్నాం. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు "మా నానమ్మ పుట్టిన కాగితం ఎక్కణ్ణుంచి తేనమ్మా" అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు నేను మరిచిపోలేకపోతున్నాను.

మా అన్నయ్య కూడా ఇక్కడే చదువుకున్నాడు, ఇప్పుడు ఆంధ్రలో టెక్కలిలో ఉంటాడు. అమ్మ వాడి దగ్గరే. వాడు మల్కన్‌గిరి జిల్లాలో కాలవ పనుల కాంట్రాక్టరు దగ్గర చాన్నాళ్ళు సూపర్‌వైజరుగా చేశాడు. వాడికి ఈ చట్టం మంచిదే అనిపించింది. 2024లో రూల్సు వచ్చిన రోజున ఫ్యామిలీ గ్రూపులో లడ్డూల బొమ్మ పెట్టాడు. నేను నాలుగన్నాను, వాడు ఎనిమిదన్నాడు. గ్రూపులోంచి వచ్చేశాను. రెండు సంక్రాంతులకు అటు వెళ్ళలేదు. రాత్రి ఒంటిగంట దాకా యూట్యూబులో చర్చలు చూస్తాను. నిద్ర పట్టదు. ఈ దేశం మీద ఆశ పోయింది, ఓటు కూడా దండగ అనిపిస్తోంది. ప్లస్ టూ చదివే మా అమ్మాయి "అయితే నేను ఓటరుగా రాయించుకోవద్దా?" అంటే జవాబు చెప్పలేకపోయాను. ఈ బాధంతా పక్కావిడతో చెప్పుకోవచ్చా? ఆశ ఎలా నిలబెట్టుకోవాలి?

ఒక చెల్లెలు, పర్లాకిమిడి.

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి దేశం కనిపించింది. రెండోసారి రెండు మిషన్ల మధ్య ఆ నవ్వు కనిపించింది. మీరు దేశం గురించి అడిగినా నేను రెండోదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఏమీ అనుకోకండి.

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఈవిడ గోడమీద కూర్చుని నీతులు చెబుతోందనుకుంటారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాడికి నీడ ఇవ్వడం నాకు ఇష్టమే. ఇచ్చేముందు నీ మతమేమిటని అడగడం మాత్రం నాకు రుచించలేదు. అంటే నేను మీ వైపే. అయినా ఈ జవాబులో మీ అన్నయ్య తరఫున కూడా నాలుగు మాటలు ఉంటాయి.

చట్టంలో ఏముందో ఒకసారి చెప్పుకుందాం. లోక్‌సభలో 2019 డిసెంబరు 9న 311 మంది అవునన్నారు, 80 మంది కాదన్నారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు పౌరసత్వం అడగొచ్చు. 11 ఏళ్ళు ఉండి ఉండాలన్న షరతును వాళ్ళకు 5 ఏళ్ళకు తగ్గించారు. రూల్సు వచ్చింది 2024 మార్చి 11న. ఆ చట్టం దానంతటదే ఎవరి పౌరసత్వాన్నీ తీసెయ్యదు. మీ అన్నయ్య గ్రూపులో ఇదే రాసి ఉంటాడు, అంతవరకు అతను రాసింది నిజం. మరి భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? చట్టం వచ్చిన 2019లోనే ఆగస్టు 31న అస్సాంలో పౌరుల పట్టిక వేస్తే 19 లక్షల మందికి పైగా పేర్లు అందులోకి ఎక్కలేదు. అలాంటి పట్టిక దేశమంతా వేస్తామన్న మాటలు కూడా అప్పుడే వినబడ్డాయి. పట్టికలోంచి జారిపోయినవాళ్ళలో కొందరిని ఈ చట్టం ఆదుకుంటుంది, కొందరిని వదిలేస్తుంది. పక్కావిడ భయం అదే. రెండూ కలిపి చూసినవాళ్ళకు భయమేసింది, విడివిడిగా చూసినవాళ్ళకు ఇందులో ఏముందనిపించింది. దేశమంతటికీ ఆ పట్టిక ఇప్పటిదాకా వెయ్యలేదు. చట్టం మీద వందల పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి.

ఇంకో సంగతి. ఆనాడు ఒడిశాను ఏలుతున్న పార్టీ ఈ చట్టానికి ఓటేసింది, పట్టికకు మాత్రం ఒప్పుకోమంది. ఆంధ్రలో పొద్దున లేస్తే తిట్టుకునే రెండు ప్రధాన పార్టీలూ చట్టానికి కలిసే ఓటేశాయి. అప్పట్లో తెలంగాణను ఏలుతున్న పార్టీ కాదంది. కాబట్టి మీ ఇంట్లో ఇద్దరు రెండు మాటలనుకోవడంలో వింతేమీ లేదు. పార్టీలకే లెక్క కుదరలేదు.

సరే, మీ అన్నయ్య. ఆయన మల్కన్‌గిరిలో చేశాడన్నారు చూడండి, ఆ ఒక్క వాక్యం దగ్గర మీరు ఆగకుండా దాటిపోయారు. నేను ఆగాను. మీ ఊరున్న గజపతి, ఆ మల్కన్‌గిరి ఒకే రోజున, 1992 అక్టోబరు 2న, జిల్లాలయ్యాయి. అంతకుముందు అది కొరాపుట్‌లో భాగం. తూర్పు బెంగాలు నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళకు చోటు చూపించడానికి 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టారు. అడవి కొట్టి ఊళ్ళు వేశారు. పేర్లు పెట్టే తీరిక కూడా లేక నంబర్లు వేశారు. ఇప్పటికీ ఎం.వి. అని, అంటే మల్కన్‌గిరి విలేజ్ అని, ముందు రెండక్షరాలు, పక్కన ఒక అంకె, అదే ఊరి పేరు. నేను ఒకసారి ఒక సహోద్యోగి కూతురి పెళ్ళికి అటు వెళ్ళాను. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన్ని మీదే ఊరని అడిగితే ఒక అంకె చెప్పాడు. చెప్పి నా మొహం చూశాడు, నవ్వుతానేమోనని. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులో నాలుగు మడతలు పెట్టిన పాత కార్డొకటి చూపించాడు. నేనేమీ అడగలేదు. అడక్కుండానే చూపించడం ఆయనకు అలవాటైపోయింది.

మీ అన్నయ్య అలాంటి వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పని చేయించాడు. ఆయన లడ్డూల బొమ్మ పెట్టినప్పుడు ఆయన కళ్ళముందు ఎవరున్నారో మీకు తెలియదు. మీ పక్కావిడకు వ్యతిరేకంగా పెట్టాడని మీరు చదువుకున్నారు. కాగితం లేని ఏ మేస్త్రీ కోసమో పెట్టి ఉండొచ్చు. కాకపోనూవచ్చు, టీవీ చూసి పెట్టి ఉండొచ్చు. అడిగితే కదా తెలిసేది. జేబులో కవరు పెట్టుకు తిరిగే ముసలాయనా, నానమ్మ కాగితం ఎక్కడని నవ్విన మీ పక్కావిడా, ఇద్దరిదీ ఒకటే బెంగ. మీ అన్నాచెల్లెళ్ళు చెరొకరి పక్కన నిలబడి, ఎదుటివాళ్ళు మనిషిని వదిలేశారని తిట్టుకుంటున్నారు.

ఇప్పుడు మా ఇంటి కథ ఒకటి చెబుతాను. ఎప్పుడూ రాయలేదు. రాయడానికి సిగ్గేసి.

1975లో నాకు 21 ఏళ్ళు. బరంపురంలో ఉండేవాళ్ళం. నాన్న ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. బాబాయి ఇచ్ఛాపురంలో బడిపంతులు. మధ్య దూరం పాతిక కిలోమీటర్లు, ఒక రాష్ట్ర సరిహద్దు. జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. ఆఫీసులకు అందరూ టైముకొస్తున్నారు, రైళ్ళు టైముకొస్తున్నాయి అని నాన్న సంబరం. నోరు కట్టేసి తెచ్చిన క్రమశిక్షణ ఒక క్రమశిక్షణేనా అని బాబాయి. ఆ దసరాకు మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైంది. పప్పు దగ్గర మొదలై మజ్జిగ దాకా రాకుండానే బాబాయి విస్తరి ముందునుంచి లేచిపోయాడు. అన్నం మధ్యలో లేచాడని నాన్నకు కోపం. లేచేలా మాట్లాడాడని బాబాయికి కోపం.

బాబాయి పెరట్లో సువర్ణరేఖ మామిడి చెట్టు ఉండేది. ఏటా మే నెలలో ఒక బుట్ట మాకొచ్చేది. మరుసటి వేసవి కూడా, మాటల్లేకపోయినా, వచ్చింది. కండక్టరు చేతికిచ్చి పంపాడు. గడ్డి పరిచి, పైన పాత పంచె ముక్క కట్టి ఉంది. వసారాలో పెట్టేసరికి ఇల్లంతా ఆ వాసన. పైకి ఎరుపు తిరిగిన పళ్ళు. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. నాన్న పేపరు దించకుండానే "తిప్పి పంపెయ్" అన్నాడు.

ఎవరు మోసుకెళ్ళారనుకుంటున్నారు? నేనే. మనసులో నేను బాబాయి పక్షం. అయినా నోరెత్తలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచాను. తిరుగు బస్సు కండక్టరు నావైపు ఒక చూపు చూసి "పళ్ళు బాలేవా అమ్మా?" అన్నాడు. బాగున్నాయి అని కూడా చెప్పలేదు నేను.

21 నెలలకు ఎమర్జెన్సీ పోయింది. 1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి, పెట్టినావిడే ఓడిపోయింది. 1975 దసరానాడు మా విస్తళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఇలా జరుగుతుందని అనుకోలేదు. బాబాయి అనుకోలేదు, అనుకుంటే అంత కోపం వచ్చేది కాదు. గెలిచాక ఆయన ఒక్క మాటా అనలేదు. కానీ నాన్నకు మొహం చెల్లలేదు. ఇవాళ రేపు అంటూ నాలుగేళ్ళు గడిచాయి. ఆ తర్వాత బాబాయి పోయాడని కబురొచ్చింది. నాన్న పన్నెండో రోజు భోజనాల్లో చివరి పంక్తిలో కూర్చుని మజ్జిగ దాకా తిన్నాడు. ఎమర్జెన్సీ ఏమో పోయింది, బుట్ట మాత్రం మళ్ళీ రాలేదు.

ఇక్కడ మీరు ఒక మాట అనొచ్చు: అయితే ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయంటారా అక్కయ్యా? అనను. మన ఊరి కథే అందుకు సాక్ష్యం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటును రెండు ముక్కలు చేశారు. ఊరూ, కొండలూ ఒరిస్సాలోకి. పాతపట్నం వైపు మద్రాసులోనే. చేరుస్తారనీ, చేర్చరనీ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా మాటలు మారుతూ వచ్చాయి. చివరికి లండన్‌లో తేలింది. ఇక్కడి తెలుగువాళ్ళు సభలు పెట్టారు, మహజర్లు పంపారు. ఆ గీత కదల్లేదు. సుమారు తొంభై ఏళ్ళయింది, అక్కడే ఉంది. నేను పనిచేసిన తెలుగు బడిలో నేను చేరినప్పుడు ఒక్కో తరగతిలో నలభై మంది. రిటైరయ్యేనాటికి బడి మొత్తం మీద అంతమంది లేరు. తెలుగు వాచకాలు ఏడాది సగం గడిచాక వచ్చేవి. పాత పుస్తకాలకు అట్టలు వేసి నెట్టుకొచ్చాం. ఓడిపోయినవాళ్ళు నిజంగానే ఓడిపోతారు చెల్లీ, దాన్ని తీపి చేసి చెప్పను. ఒడియావాళ్ళ వైపు నుంచి చూస్తే అది ఎంతో కాలం మూడు నాలుగు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉన్న జనం ఒక్కటైన రోజు. ఏప్రిల్ 1 వాళ్ళకు పండగ. మా పక్కింట్లో ముగ్గు వేసేవారు, మా ఇంట్లో తాతయ్య ఆ పూట మాట్లాడేవాడు కాదు. అదే వీధి.

గిడుగు రామమూర్తిగారి కథ మీకు తెలిసే ఉంటుంది. బతుకులో ఎక్కువభాగం పర్లాకిమిడిలో గడిపిన మనిషి. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మీ కొండల మీది సవరవాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టినవాడు కూడా ఆయనే. ఈ విభజన వద్దని గట్టిగా పట్టుబట్టాడు. కుదరలేదు. కొత్త రాష్ట్రం మొదలయ్యే రోజు ఉదయమే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారని చెబుతారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు, చెవులు సరిగా వినబడవు. పుస్తకాలూ సామానూ సర్దుకుని ఆ వయసులో కదలడమంటే ఏమిటో ఆలోచించండి.

కథ అక్కడితో ఆపేస్తారు అందరూ. నాకు ఆ తర్వాతిది ఇష్టం. 1938లో ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అంటే ఊరు పోయాక, కొండలు వేరే రాష్ట్రంలోకి వెళ్ళాక, ఆయన రాజమండ్రిలో ఒక గదిలో కూర్చుని ఆ కొండల మాటల ప్రూఫులు దిద్దుకుంటున్నాడన్నమాట. ఆ పని ఏ ప్రభుత్వం కిందికొస్తుందో చూసుకోలేదు. 1940లో పోయారు.

మా తాతయ్య అంత పెద్దమనిషి కాదు. బట్టల కొట్లో లెక్కలు రాసేవాడు. ఊరు వదల్లేదు, వదిలే స్థోమత లేదు. అరవయ్యేళ్ళ వయసులో ఒడియా నేర్చుకున్నాడు. దుకాణానికొచ్చే పేపరు మీద వేలు పెట్టి, ఆ గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివేవాడు. మధ్యలో తెలుగులో తిట్టుకునేవాడు. వెళ్ళిపోయిన గిడుగుగారిది సరైనదా, ఉండిపోయిన తాతయ్యది సరైనదా అని చిన్నప్పుడు వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ వాదన మీద నాకు ఆసక్తి లేదు. ఇద్దరూ మర్నాడు పొద్దున్న పనిలో కూర్చున్నారు, అది చాలనిపిస్తుంది.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. దీనికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, రాయించుకోమనండి. పర్లాకిమిడి ఓట్లు బరంపురం లోక్‌సభ సీటులోకి వస్తాయి. ఆ సీటుకు 1996లో ఎవరు పోటీ చేశారో అడగండి. పి.వి. నరసింహారావు. నంద్యాలలోనూ గెలిచి, బరంపురంలోనూ గెలిచి, బరంపురాన్ని ఉంచుకున్నారు. ఇదే బరంపురంలో 1894లో ఒక తెలుగింట పుట్టిన వి.వి. గిరి దేశానికి రాష్ట్రపతి అయ్యారు. గీతకు ఇవతల మిగిలిపోయాం కాబట్టి మనది లెక్కలోకి రాని ఓటు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కొఠియా ఊళ్ళు చూడండి, కొరాపుట్ సరిహద్దు మీద ఒడిశాకూ ఆంధ్రకూ మధ్య తగాదాలో 1968 నుంచి నలుగుతున్నాయి. అక్కడివాళ్ళ దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రెండు రేషన్ కార్డులూ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలూ పోటీపడి బియ్యమిస్తాయి. ఓటుకు విలువ లేదనే మాట వాళ్ళ దగ్గర అని చూడమనండి, నవ్వుతారు.

యూట్యూబు సంగతి నాలుగు మాటల్లో తేల్చేస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను షాపులోనే, కత్తెర పక్కన, సొరుగులో పెట్టి తాళం వెయ్యండి. ఆ చర్చల్లో కూర్చునేవాళ్ళు అరిచినందుకు డబ్బు తీసుకుంటారు. మీకు తలనొప్పి తప్ప ఏమీ రాదు. పొద్దున్నే ఒక పేపరు చదవండి, చాలు. నిద్ర లేనివాళ్ళకు దేశమే కాదు, ఇంట్లో కూర కూడా చేదుగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ బాధ పక్కావిడతో చెప్పుకోవాలా అని అడిగారు. వద్దు. కటువుగా ఉందేమో, కానీ వద్దు. మీరు చెబితే ఏమవుతుందో ఆలోచించండి. మీ కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడ మిషను ఆపి లేచి, మీకు మంచినీళ్ళిచ్చి, "ఏం కాదులే అమ్మా" అంటుంది. భయం ఆవిడది, ఓదార్చాల్సిందీ ఆవిడే! అన్నయ్య అన్న మాటలైతే అసలు చేరవెయ్యొద్దు. వాటితో ఆవిడేం చేసుకుంటుంది? 2019లో ఆవిడ మిమ్మల్ని ఏడవమని అడగలేదు. ఒక కాగితం గురించి అడిగింది. దానికి ఇన్నేళ్ళయినా మీరు జవాబివ్వలేదు. నేనిస్తాను.

నానమ్మ కాగితం అక్కర్లేదని చెప్పండి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. అమ్మానాన్నలెవరని కూడా చూడరు, మతం ఊసే లేదు. మీకంటే రెండేళ్ళు పెద్ద అంటే ఆవిడ ఆ లెక్కలోకి హాయిగా వస్తుంది. ఆవిడ పిల్లల సంగతి వేరే. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే పుట్టినవాళ్ళయితే దిగుల్లేదు. కాబట్టి ఆవిడకు కావలసింది తను ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో చూపే కాగితం. పుట్టినప్పుడు మునిసిపాలిటీలో రాయించి ఉంటే రిజిస్టరులో వెతికించి నకలు తీసుకోవాలి. రాయించకపోతే ఇప్పుడు కూడా నమోదు చేయించుకోవచ్చు. ఏడాది దాటిన పుట్టుకలకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, కాస్త తిరగాలి. ఆ తిరుగుడుకు ముందు, ఆవిడ చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టరు చూడమనండి. పాత బళ్ళలో అవి చెదలు తినకుండా ఉంటే బంగారమే. ఒక్కోచోట పేరు ఒక్కోలా రాసి ఉంటుంది. ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, ఆధార్‌లో మూడోది. ముందు అది సరిచేయించుకోవాలి. మనవాళ్ళకు కూడా ఇదే అవస్థ, నా పెన్షను కాగితాల్లో నా ఇంటిపేరు మూడు రకాలుగా ఉంది.

మీ అన్నయ్య కూడా పర్లాకిమిడిలోనే చదివాడు కదా. ఆ బడి ఆయనకు తెలుసు, ఆ ఊళ్ళో పాత మాస్టర్లు తెలుసు. నౌపడ వైపు వెళ్ళే రైలెక్కితే టెక్కలి ఎంతసేపు? ఆ లైను మీద 1900 నుంచి రైలు నడుస్తోంది. చిన్న గేజి పోయి పెద్ద గేజి వచ్చింది, మధ్యలో కొన్నేళ్ళు మూసేశారు కూడా. మీరు రెండేళ్ళే మూశారు. వెళ్ళండి. అమ్మ ఉందని వెళ్ళండి, అదే చాలు కారణం. చట్టం ఊసెత్తకండి. అన్నం తిన్నాక మల్కన్‌గిరి గురించి అడగండి: అక్కడ నీ దగ్గర పనిచేసినవాళ్ళలో కాగితం లేనివాళ్ళుండేవారా అన్నయ్యా, వాళ్ళేం చేసేవారు అని. చెప్పనివ్వండి. మధ్యలో అడ్డం రాకండి, ఇది మీకు కష్టం, ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఆయన చెప్పడం అయ్యాక పీకో మిషను ఆవిడ అడిగిన మాట చెప్పండి. చెప్పి, ఆవిడ బడి కాగితం కోసం నువ్వు ఒకసారి వచ్చి ఆ హెడ్‌మాస్టరుతో మాట్లాడతావా అని అడగండి.

వస్తానంటాడని నేను మాటివ్వలేను. మా నాన్నలా పేపరు దించకుండా కూర్చోనూవచ్చు. అలా అయితే అమ్మ దగ్గర కాసేపు కూర్చుని సాయంత్రం రైలుకు వచ్చెయ్యండి, వాళ్ళేదైనా చేతికిస్తే మాత్రం తెచ్చుకోండి. పక్కావిడ పని ఆయన కోసం ఆగక్కర్లేదు. సోమవారం షాపు మధ్యాహ్నం దాకా మూసి మునిసిపల్ ఆఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. జిరాక్సులు రెండు సెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు నాలుగు పట్టుకెళ్ళండి. పదిన్నరకల్లా కిటికీ దగ్గర ఉండాలి, ఆలస్యమైతే భోజనానికి లేచిపోతారు.